మృతుల లెక్కయు, లెక్కించినవారును: మహమ్మారి వార్తలలో గణాంక పాత్రికేయుని స్థానము

2020 మార్చి మొదలుకొని రమారమి రెండేండ్ల కాలము ఈ దేశమున వార్తాపత్రిక తెరచిన ప్రతి పాఠకుని దృష్టియు మొట్టమొదట సంఖ్యలపైననే నిలిచినది. నిన్న నెందరికి వ్యాధి సోకెను, ఎందరు కోలుకొనిరి, ఎందరు మరణించిరి అను మూడు ప్రశ్నలకు మూడంకెలలో సమాధానము లభించుచుండెను. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు కర్మాగారమునకు చేరువను, రోలింగు మిల్లులతోను, పోతపని కార్ఖానాలతోను, ఫాబ్రికేషను షెడ్లతోను నిండిన హథ్‌ఖోజ్ పారిశ్రామిక వాడలో బ్రతుకు తెరువు వెదకికొన్న తెలుగువారికి ఈ సమాధానము రెండు దిక్కులనుండి వచ్చెడిది: దుర్గ్ జిల్లా లెక్క హిందీ దినపత్రికలోను, శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల లెక్క చేతిలోని ఫోనులోను. కొలువొక చోట, కన్నవారొక చోట నుండుటచేత మేము రెండు ప్రభుత్వముల బులెటినులను ప్రక్కప్రక్కన నుంచుకొని చదువవలసి వచ్చెను. అట్లు చదివినవారి కెల్ల ఆ రెండును ఒకే కొలతతో కొలిచినవి కావని కొలది దినములలోనే తోచెను. ఈ సంఖ్యను చేసిన దెవరు, ఏ పుస్తకమును చూచి చేసిరి, అందు చేరని వారెవరు అను సందేహము సామాన్య పాఠకుని మనస్సున బుట్టిన యా సమయముననే, ఆ సందేహమును వృత్తిగా స్వీకరించిన యొక పాత్రికేయ వర్గము మనదేశమున ప్రౌఢదశకు వచ్చినది. వారినే నేడు డేటా జర్నలిస్టు లనుచున్నారు. మహమ్మారి వార్తలలో వారి పాత్ర యే విధముగ మారెనో, ఆ మార్పు మనబోటి పారిశ్రామిక నగరముల ప్రజలకు ఎందులకు ముఖ్యమో పరిశీలించుట ఈ వ్యాసపు టుద్దేశము.

మహమ్మారికి పూర్వము ఈ వృత్తి మనకు బొత్తిగా తెలియనిది కాదు. 2011లో ఆరంభమైన ఇండియాస్పెండ్ వంటి సంస్థలును, కొన్ని ఆంగ్ల దినపత్రికల గణాంక విభాగములును జనాభా లెక్కలు, బడ్జెట్టు పద్దులు, నేరముల పట్టికలు మున్నగువానిని పరిశీలించి వ్యాసములు ప్రకటించుచుండెడివి. తెలుగు పత్రికలలో సంఖ్యకు పట్టాభిషేకము జరిగెడిది ముఖ్యముగ ఎన్నికల ఫలితముల నాడే. అనగా గణాంక పాత్రికేయుడు, ఇతరులు సమకూర్చి ముద్రించిన పట్టికను తీరికగా చదివి, అందలి యర్థమును పాఠకునకు చెప్పువాడుగ నుండెను. పట్టిక ముందు, పాత్రికేయుడు పిమ్మట. కోవిడ్ వచ్చి ఈ క్రమమును తలక్రిందులు చేసెను. పట్టిక లేదు, ఉన్నను ప్రతిదినము మారుచుండెను, మారిన కారణమును చెప్పువారు లేరు.

తొలి మాసములలో వారి పని సేకరణము. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయము 2020 జనవరి 22వ తేదీన ప్రపంచపటముపై ఎర్రని వలయములతో వ్యాధి వ్యాప్తిని చూపు పట్టికను వెలువరించినది. 2023 మార్చి 10వ తేదీ వరకు అది నడచినది. ఆ దేశముననే అట్లాంటిక్ పత్రిక యాశ్రయమున స్వచ్ఛంద సేవకులు కొందరు కోవిడ్ ట్రాకింగ్ ప్రాజెక్టను పేర, ప్రభుత్వము చేయవలసిన రాష్ట్రములవారీ సంకలనమును తామే ఒక సంవత్సర కాలము చేసిరి. మనదేశమున దీనికి దీటైన ప్రయత్నము కోవిడ్19ఇండియా. 2020 మార్చిలో మొదలై 2021 అక్టోబరు 31న ముగిసిన ఆ కృషిలో పాల్గొన్నవారు అధికభాగము వేతనము లేని యువకులు. సాంకేతిక నిపుణులు, విద్యార్థులు, గణితాభిమానులు. ఒక రాష్ట్రము బులెటినును పీడీఎఫ్ రూపమున, ఒకటి ట్విట్టరులో ఛాయాచిత్రముగ, మరియొకటి ప్రాంతీయభాషలో పత్రికా ప్రకటనగ విడుదల చేయుచుండగా, వారు రాత్రింబవళ్లు కూర్చుండి వానినన్నిటిని ఒక వరుసలో నిలిపి, ఎవరైనను తీసికొని వాడుకొనుటకు వీలుగ నుంచిరి. దేశవిదేశ పత్రికలును, పరిశోధకులును వీరి పట్టిక నాశ్రయించినారు. పత్రికా కార్యాలయమున అడుగిడనివారు చేసిన యీ పనిని పాత్రికేయ మనవచ్చునా యని కొందరు శంకించిరి. ఆధారమును చూపుట, తప్పు దొరకిన వెంటనే బహిరంగముగ దిద్దుట, మార్పునకు హేతువును నమోదు చేయుట యనునవి పాత్రికేయ ధర్మములైనచో, నా దృష్టిలో వారు చేసినది ఉత్తమ పాత్రికేయమే.

ఇదే కాలమున, అనగా 2020 మార్చి 31న, వలస కార్మికుల విషయమున సుప్రీంకోర్టు విచారణ జరుపుచు, మహమ్మారిని గూర్చిన స్వేచ్ఛాచర్చలో తాము జోక్యము చేసికొనదలపలేదని చెప్పుచునే, పత్రికలు అధికారిక వృత్తాంతమును పేర్కొని ప్రకటింపవలెనని యాదేశించినది. ఈ యాదేశము గణాంక పాత్రికేయునకు ఒక విధముగ సంకటమును, ఒక విధముగ మార్గమును కల్పించినది. అధికారిక సంఖ్యను ప్రకటింపక తప్పదు. కాని ఒక ప్రభుత్వమునకు అధికారిక సంఖ్య లనేకము లుండును. ఆరోగ్యశాఖ బులెటిను ఒకటి, పురపాలక సంఘపు మరణముల రిజిస్టరు మరియొకటి, శ్మశానవాటిక పుస్తకము వేరొకటి. అన్నియు ప్రభుత్వపు చేతివ్రాతలే. తరువాతి కాలమున వచ్చిన గొప్ప పరిశోధనలలో పెక్కు ఒక ప్రభుత్వ పత్రమును మరియొక ప్రభుత్వ పత్రముతో సరిపోల్చుటనుండియే జనించినవి.

సేకరణ తరువాతి దశ వ్యాఖ్యానము. ఫైనాన్షియల్ టైమ్స్ పత్రికలో జాన్ బర్న్-మర్డాక్ గీసిన వక్రరేఖలు, లాగరిథమ్ కొలబద్దపై దేశముల వ్యాధిగమనమును పోల్చి చూపినవి, ప్రపంచమంతట ప్రాకినవి. కళాశాల వదలిన పిదప లాగరిథమ్ మాటనే మరచిన గృహస్థులు సైతము రెట్టింపు కాలము, ఏడు దినముల సగటు, పాజిటివిటీ రేటు అను పదములను నిత్యవ్యవహారమున వాడ నేర్చిరి. మనదేశమున చెన్నపట్టణమునుండి వ్రాయుచుండిన రుక్మిణి ఎస్. అను గణాంక పాత్రికేయురాలు "ద మూవింగ్ కర్వ్" అను పేర శ్రవ్య ప్రసారమును నడపి, ఈ సంఖ్యల మంచిచెడ్డలను ప్రజలకు విడమరచి చెప్పినది. ఈ దశలో పాత్రికేయుడు ఉపాధ్యాయుని పని చేసెను.

ఉపాధ్యాయునకు ముందుగ తెలియవలసినది భాజకము. ఎందరిలో ఎందరు అను ప్రశ్నలో మొదటి "ఎందరు" తప్పినచో రెండవది ఎంత నిక్కమైనను ఫలితము సున్న. దీనికి దుర్గ్ జిల్లాను మించిన నిదర్శనము నాకు కనబడుట లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారము దుర్గ్ జిల్లా జనసంఖ్య 33 లక్షలకు పైబడినది. కాని 2012 జనవరిలో బాలోద్, బేమేతరా జిల్లాలు దీనినుండి విడిపోగా, మిగిలిన దుర్గ్ జనసంఖ్య అదే లెక్క ప్రకారము 17 లక్షల పైచిలుకు. పాత పట్టికను చేతబట్టి, లక్షకు ఇన్ని మరణములని గణించువాడు జిల్లా దుఃఖమును సగమునకు తగ్గించును. తాను పొరబడినట్లు వానికి తెలియనైన తెలియదు. తెలంగాణములో పది జిల్లాలు 2016లో ముప్పదియొకటియై, 2019లో ముప్పదిమూడైనవి. ఆంధ్రప్రదేశములో పదుమూడు జిల్లాలు 2022 ఏప్రిలులో ఇరువదియారైనవి. అటుపైన 2021లో జరుగవలసిన జనాభా లెక్కలు మహమ్మారి పేర వాయిదాపడి, 2027 మార్చి 1వ తేదీని ప్రమాణదినముగ నిర్ణయించువరకు వచ్చినవి. కావున మహమ్మారి కాలమున ఈ దేశమున వ్రాయబడిన ప్రతి నిష్పత్తియు పదేండ్లనాటి జనసంఖ్యపైనో, దానినుండి సాగదీసిన యంచనాపైనో యాధారపడినది.

భాజకము తరువాతిది పటము. 2020 మే మొదట కేంద్రప్రభుత్వము జిల్లాల నన్నిటిని ఎరుపు, నారింజ, ఆకుపచ్చ మండలములుగ విభజించినపుడు ఛత్తీస్‌గఢ్‌లో రాయపురము ఎరుపు, కోర్బా నారింజ. దుర్గ్ సహితముగ తక్కినవన్నియు ఆకుపచ్చ. పత్రికలన్నియు ఆ వర్ణపటమును పుటల నిండుగ ముద్రించినవి. ఏడాది తిరుగులోగా, 2021 ఏప్రిల్ 6 నుండి దుర్గ్ జిల్లాను సంపూర్ణముగ మూసివేయవలసి వచ్చెను. ఆ నెలాఖరునకు రాష్ట్రమున దినమునకు నమోదగు కేసులు 17 వేలు దాటినవి. భిలాయి కర్మాగారమునుండి ప్రాణవాయువు ట్యాంకరులు పరరాష్ట్రములకు బయలుదేరుచుండగా ఇచ్చటి ముక్తిధామములలో కట్టెలు పేర్చుటకు తావు వెదకవలసిన దుర్దశ ప్రాప్తించెను. ఆకుపచ్చ రంగు ఆనాటి పరీక్షల సంఖ్యను చెప్పినదే గాని రాబోవు ప్రమాదమును చెప్పలేదు. ఆ భేదమును పటము ప్రక్కననే వ్రాసి చూపిన పత్రిక లరుదు.

ఇట్టి భేదమును చూపగల సాధనము 2021 జూలైలో లభించినది. భారత వైద్యపరిశోధన మండలి జరిపిన నాల్గవ జాతీయ సర్వేక్షణము ప్రకారము, పరీక్షింపబడిన వారిలో ప్రతిరక్షకములు గలవారు ఛత్తీస్‌గఢ్‌లో నూటికి 74.6, ఆంధ్రప్రదేశములో 70.2, మధ్యప్రదేశములో 79, కేరళలో 44.4. టీకాలవలన కలిగిన రక్షణయు ఇందు కొంత చేరియుండును. ఎంచుకొన్న జిల్లాలు రాష్ట్రము నంతటికి ప్రతినిధులు కావనుటయు నిజమే. అయినను రెండున్నర కోట్లకు మించిన జనమున్న ఛత్తీస్‌గఢ్‌లో నాటికి నమోదైన కేసులు రమారమి పది లక్షలు మాత్రమేయని తలచినపుడు, బులెటిను చూచినది ఎంత, చూడనిది ఎంత అనునది సుబోధకము. కేసులు పెక్కు చూపిన కేరళ దినదినము వార్తలలో నిందల పాలగుచుండగా, ఆ రాష్ట్రము వ్యాధిని పట్టుకొనుటలో ముందున్నదని ఈ యంకెలు సూచించినవి. రాష్ట్రములకు క్రీడాపోటీలలో వలె వరుస సంఖ్యలిచ్చి, దిగువనున్న వానిని గెలిచినట్లు ప్రకటించిన పత్రికలు, నిజాయితీగ లెక్కించిన రాష్ట్రమును శిక్షించినవి. గణాంక పాత్రికేయముపై నాకున్న ప్రధానాక్షేపములలో ఇది యొకటి.

బులెటిను చూడని మృతులలో వ్యాధి లేకయే మరణించినవారు నుండిరి. లాక్‌డౌను ప్రకటింపబడిన పిదప నడచి నడచి, ఆకలిచే, ప్రమాదములచే, నిరాశచే చనిపోయిన కార్మికుల లెక్కను ఏ ప్రభుత్వ శాఖయు వ్రాయలేదు. తేజేశ్ జి.ఎన్., కనికా శర్మ, అమన్ మున్నగు స్వతంత్ర పరిశోధకులు వివిధ భాషల పత్రికలలో మూలల నచ్చయిన చిన్న చిన్న వార్తలను ఏరి, ఒక్కొక్క మరణమునకు ఆధారము చూపుచు, పట్టికను కూర్చిరి. తెలంగాణలోని ములుగు జిల్లా మిరప చేలనుండి ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూరు జిల్లాకు మూడు దినములు నడచి, 2020 ఏప్రిల్ 18న ఇంటికి అల్లంత దూరమున ప్రాణము విడిచిన పండ్రెండేండ్ల ఆదివాసి బాలిక వంటివారి మరణములు ఏ కోవిడ్ బులెటినులోను చేరునవి కావు. ఇట్టి పట్టికలలోనే వానికి చోటు దొరకెను. 2020 సెప్టెంబరులో వలస కార్మికుల మరణములపై లెక్కలు లేవని కార్మికశాఖ పార్లమెంటునకు తెలిపినపుడు, లెక్క లున్నవని చూపుటకు ఈ పట్టిక సిద్ధముగ నుండినది. అచ్చట గణాంక పాత్రికేయుడు వ్యాఖ్యాతృత్వమును దాటి, లేని పట్టికను తానే సృజించువాడయ్యెను. ఇది నా మతమున అన్నిటికంటె గణనీయమైన మార్పు. మారుమూల మండలములలో జీతమో భత్యమో సరిగా నందని విలేఖరులు పంపిన నాలుగు పంక్తుల వార్తలే ఆ పట్టికకు మూలధనమని ఇచ్చట చెప్పకుండుట న్యాయము కాదు. ఆ పంక్తులు లేనిచో ఏ సాంకేతిక నిపుణుడును దేనిని కూర్చగలిగి యుండడు.

రెండవ తరంగమున ఈ పని శవాగారము వాకిటికి చేరినది. గుజరాతు పత్రిక సందేశ్ విలేఖరులు 2021 ఏప్రిల్ 11న అహమ్మదాబాదులోని ప్రభుత్వ కోవిడ్ ఆసుపత్రి శవాగారము వెలుపల పదునేడు గంటలు నిలిచి, ఒక్క ద్వారమునుండియే వెలువడిన 69 శవములను లెక్కించిరి; మరునాటి బులెటినులో రాష్ట్రము మొత్తమునకు 55, ఆ నగరమునకు 20 మరణములని ప్రకటింపబడెను. మే నెలలో దివ్యభాస్కర్ పత్రిక ఆ రాష్ట్రమున మార్చి 1 నుండి మే 10 వరకు జారీయైన మరణ ధ్రువపత్రములను కూడి 1,23,871 అని ప్రకటించినది. ముందటి యేట అదే కాలమున జారీయైనవి 58 వేలు. అధికారిక కోవిడ్ మృతులు 4,218. ఇందు గణితము కూడికయు తీసివేతయు తప్ప మరేమియు లేదు. కావలసినది ఓరిమియు, ధైర్యమును. శవములు గంగలో తేలిన దృశ్యములను, శ్మశానముల లెక్కలను నిర్భయముగ ముద్రించిన దైనిక్ భాస్కర్ సంస్థపై ఆ సంవత్సరము జూలై 22న ఆదాయపు పన్నుశాఖ సోదాలు జరిగినవి. ఆ రెంటికిని సంబంధము లేదని ప్రభుత్వము పలికినది. ఉన్నదని పత్రికా లోకము విశ్వసించినది.

తెలుగు నేలకు సంబంధించిన యధ్యాయము నిప్పుడు చెప్పవలెను. 1969 నాటి జనన మరణముల నమోదు చట్టము ననుసరించి దేశమున ప్రతి మరణమును, కారణ మేదైనను, స్థానిక రిజిస్ట్రారు పుస్తకమున చేరవలెను. మహమ్మారి వచ్చినను రాకున్నను నడచు ఈ పుస్తకమునందు కారణమునకంటె సంఖ్యకు విలువ. రుక్మిణి 2021 జూన్‌లో స్క్రోల్ పత్రికలో ప్రకటించిన పరిశీలనము ప్రకారము, ఆంధ్రప్రదేశములో 2021 మే నెలలో నమోదైన సకల మరణములు 1,30,000 పైచిలుకు. సామాన్య సంవత్సరములలో మే నెల మరణములు రమారమి 27 వేలు. అనగా దాదాపు అయిదు రెట్లు. ఆ నెల బులెటినులలోని కోవిడ్ మృతులు 3 వేలకు లోపు. అదే కాలమున హిందూ దినపత్రిక హైదరాబాదు నగరపాలక సంస్థ రిజిస్టరులను పరిశీలించి, నగరమొక్కదానిలో అధికముగ నమోదైన మరణములు తెలంగాణ రాష్ట్రము మొత్తమునకు చూపిన కోవిడ్ మృతులకు పది రెట్లని వ్రాసెను. తెలంగాణ బులెటినులలో వివరములు చాలవని, పరీక్షలు చాలవని రాష్ట్ర హైకోర్టు 2020లోనే పలుమార్లు మందలించి యుండెను. ఆ మందలింపునకు కారణ మెంత బలమైనదో ఈ లెక్కలు తెలిపినవి.

ఈ పద్ధతి నవీనము కాదు. లండను నగరమున 1847లో ఇన్‌ఫ్లూయెంజా వ్యాపించినపుడు, మామూలు సంవత్సరములకంటె మించిన మరణముల నన్నిటిని లెక్కించినగాని వ్యాధి నిజస్వరూపము తెలియదని విలియం ఫార్ అను గణాంక శాస్త్రజ్ఞుడు చూపియున్నాడు. పద్ధతి ప్రాచీనమైనను దానిని ప్రయోగించుటలో మెలకువ యుండవలెను. అధిక మరణములన్నియు కోవిడ్ మరణములు కావు. ఆసుపత్రులు నిండియుండుటచే గుండెజబ్బునకు చికిత్స దొరకక చనిపోయినవారును అందులో నుందురు. కార్యాలయములు మూసియున్న ఏప్రిల్‌లో సంభవించిన మరణము మేలోనో జూన్‌లోనో నమోదు కావచ్చును. నమోదు వ్యవస్థ యేటేట మెరుగగుచుండుటచే, మునుపు పుస్తకమున చేరని మరణములు ఇప్పుడు చేరుటయు సంభవమే. ఈ మూడు సందేహములకును రుక్మిణి మొదలగువారు తమ వ్యాసములలో తావిచ్చిరి. కాని నమోదులో కలుగు వృద్ధి నూటికి నాలుగో అయిదో పాళ్లుండును. ఒక్క నెలలో అయిదు రెట్లు కాదు. విమర్శకులు పద్ధతిని తప్పుపట్టినంత సులువుగ ఈ వ్యత్యాసమునకు వేరొక కారణమును చూపలేకపోయిరి.

పుస్తకము పైననే యింత భారము మోపుటలో నొక చారిత్రక భయమును గలదు. 1918లో ఇన్‌ఫ్లూయెంజా ఈ దేశమున 1.2 కోట్ల నుండి 2 కోట్ల మందిని బలిగొన్నదని చరిత్రకారుల యంచనా. అందు మిక్కిలి ఘోరముగ దెబ్బతిన్న రాజ్యభాగములలో మధ్యపరగణా లొకటి. 1906లో ఏర్పడిన నాటి దుర్గ్ జిల్లా ఆ పరగణాలలోనిదే. అచ్చట గ్రామ కోట్వారు, మన మదరాసు రాజధానిలో గ్రామ మునసబు, జనన మరణములను వ్రాసి పై యధికారులకు పంపవలసినవారు. వ్రాయువారును, వారి యధికారులును వ్యాధిచే పడిపోవుటచేత నమోదు పలుతావుల కుంటువడినది. మరణము లధికమైన దినములలోనే వ్రాత నిలిచినది. అసలు నష్టమెంతయో 1921 జనాభా లెక్కలలో జనసంఖ్య తగ్గినట్లు తేలిన పిమ్మటగాని బయటపడలేదు. నాడు ఏ పత్రికకును కోట్వారు పుస్తకమును తెప్పించుకొని కూడుటకు అవకాశము లేకపోయెను. ఈనాటి పాత్రికేయుడు పుస్తకము మూయకమునుపే దానిని చదువగలిగెను. శతాబ్దమున జరిగిన యభివృద్ధి ఇది.

ఈ యెదురు లెక్కలకు ప్రభుత్వము లిచ్చిన సమాధానము నిరాకరణమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మే 5న, 2020, 2021 సంవత్సరములలో ప్రపంచమున 1 కోటి 49 లక్షలు, భారతదేశమున 47 లక్షలు అధిక మరణములు సంభవించినవని ప్రకటించినది; 2021 చివరకు మన అధికారిక సంఖ్య 4.8 లక్షలు. లెక్కించిన గణితపద్ధతి భారతదేశము వంటి విశాల దేశమునకు వర్తింపదని కేంద్రము తీవ్రముగ నాక్షేపించినది. కాని అదే కేంద్రప్రభుత్వపు పౌర నమోదు నివేదిక, 2021 సంవత్సరమునకు సంబంధించినది, 2025 మేలో వెలువడినపుడు, నమోదైన మరణములు 2020లో 81 లక్షలుండగా 2021లో 1 కోటి 2 లక్షలు దాటినట్లు చూపెను. ఇరువదియొక్క లక్షల పెరుగుదల. ఆ యేడాది బులెటినులలో చేరిన కోవిడ్ మృతులు సుమారు 3.3 లక్షలు. జిల్లా కార్యాలయముల తలుపులు తట్టి పాత్రికేయులు 2021లో పలికిన మాటను ప్రభుత్వ గ్రంథము నాలుగేండ్లకు ధ్రువపరచినది.

ఈ వివాదమున మృతుల కుటుంబములకు సంబంధము లేదనుకొనుట పొరపాటు. సుప్రీంకోర్టు 2021 జూన్ 30న ఇచ్చిన తీర్పు ననుసరించి కోవిడ్ మృతుల కుటుంబములకు 50 వేల రూపాయల సహాయము నిర్ణయింపబడినపుడు, బులెటినులో చేరని మృతుడు సహాయమునకు నోచుకొనని మృతుడయ్యెడి ప్రమాద మేర్పడెను. న్యాయస్థానము నిబంధనలను సడలించుటచే దరఖాస్తులు వెల్లువెత్తినవి. 2022 జనవరి నాటికి అధికారిక మృతులు 4 వేలకు లోపైన తెలంగాణలో 15 వేలకు పైగా కుటుంబములకు సహాయము మంజూరైనది. 10 వేల మృతులను చూపిన గుజరాతులో 68 వేలకు పైబడినది. ప్రభుత్వము తన బులెటినును తానే ధనరూపమున సవరించుకొన్నట్లైనది. ఈ రెండు స్తంభములను ప్రక్కప్రక్కన ముద్రించిన పాత్రికేయులకు వ్యాఖ్య వ్రాయవలసిన యవసరమే కలుగలేదు.

ఇంతవరకు జరిగిన కృషిలో మా హథ్‌ఖోజ్ వంటి స్థలములకు తగిన చోటు దొరకలేదని నేను బాధతో చెప్పవలెను. మన చట్టము ప్రకారము మరణము సంభవించిన చోటనే నమోదగును. కాంట్రాక్టరు క్రింద పనిచేయు కూలి ఇచ్చట జ్వరముతో పడి, రాయపురము, టిట్లాగఢ్, రాయగడల మీదుగ పోవు రైలెక్కి, విజయనగరము జిల్లాలో స్వగ్రామమున కన్నుమూసినచో, వాని మరణము ఆంధ్రప్రదేశ రిజిస్టరున చేరును. వానికి వ్యాధి సోకిన షెడ్డు పేరు ఏ పుటయందును నుండదు. దుర్గ్ రిజిస్టరు ఆ మేరకు తేలికపడును, శ్రీకాకుళము, విజయనగరముల రిజిస్టరులు ఆ మేరకు బరువెక్కును. ప్రభుత్వ రంగ కర్మాగారపు స్థిరోద్యోగికి భిలాయి సెక్టరు 9లోని కర్మాగారపు ఆసుపత్రిలో చికిత్సాపత్రము, మరణకారణ పత్రము, కుటుంబమునకు ఉద్యోగహక్కు, యూనియను చేతిలో జాబితా యుండును. ప్రహరీకి ఆవలనున్న చిన్న కార్ఖానా కూలికి హాజరు పుస్తకమున పేరుండుటయే సందేహము. దేశమున నమోదైన మరణములలో వైద్యుడు కారణమును ధ్రువపరచినవి నాల్గవ వంతైన లేవను స్థితిలో, వృత్తివారీ మరణముల లెక్కను కోరుట అత్యాశగ తోచవచ్చును. అయినను రాష్ట్రము యూనిట్టుగ, జిల్లా యూనిట్టుగ చేసిన విశ్లేషణలు పారిశ్రామిక వాడను పూర్తిగ దాటిపోయినవి. మూలము, గమ్యము రెండును తెలిసిన ద్విభాషా పాత్రికేయుడు రెండు రాష్ట్రముల రిజిస్టరులను కలిపి చదివినచో ఈ లోపము తీరుటకు వీలున్నది. భిలాయిలో అట్టివారు లేకపోలేదు; వారికి పనినిచ్చు పత్రిక లేదు.

భాషను గూర్చియు ఒక్కమాట. పైన పేర్కొన్న పరిశోధనలలో గుజరాతీ, హిందీ పత్రికలవి కొన్ని. తక్కినవి అధికభాగము ఆంగ్లమున వెలువడినవి. ఆంధ్రప్రదేశ మరణముల లెక్క తెలుగువారికి ఆంగ్లమునుండి అనువాదమై చేరుట మన పత్రికారంగమున కంత గౌరవము కాదు. మన పత్రికలకు ప్రతి మండలమునను విలేఖరి యున్నాడు. ఇంతటి వల తేలికగ దొరకునది కాదు. అట్టి విలేఖరి శ్మశానవాటిక కాపరిని, పంచాయతీ కార్యదర్శిని పేరుపెట్టి పిలువగలవాడు. వానికి ఒక పట్టిక నమూనాయు, వారమున కొకమారు దానిని కూడువాడొకడును లేకపోవుటచేతనే ఆ వల లెక్కకు రాలేదు. పైగా విలేఖరులు తమ ప్రాణములనే లెక్కలో చేర్చవలసి వచ్చెను. కోట నీలిమ నిర్వహణలో ఢిల్లీ నుండి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పర్సెప్షన్ స్టడీస్ కూర్చిన జాబితాలో 2021 మే నాటికి కోవిడ్‌చే మరణించిన పాత్రికేయుల సంఖ్య 300 దాటెను. అందు తెలంగాణవారు మిక్కుటముగ నుండిరి. వార్త తెచ్చువారి మరణమును సైతము సహపాత్రికేయులే లెక్కించుకొనవలసిన కాలమది.

ఇట్లు ప్రకటించుట, విడమరచుట, కూర్చుట, ఎదురు లెక్కించుట అను పనులలో ఒకటి మరియొకదానిని తొలగింపలేదు. నేటి గణాంక పాత్రికేయుడు అన్నిటిని భుజముపై మోయుచున్నాడు. వీనికి తోడు పదిలపరచు పని యొకటి వచ్చి చేరినది. బులెటినులు ఆగినవి, వెబ్ పుటలు అదృశ్యమగుచున్నవి. 2020 నాటి జిల్లావారీ సంఖ్య నేడు కావలెనన్న, ప్రభుత్వ కార్యాలయముకంటె కోవిడ్19ఇండియా స్వచ్ఛంద సేవకులు బహిరంగముగ నుంచిపోయిన పట్టికలలోనే సులువుగ దొరకును.

2023లో జనన మరణముల నమోదు చట్టము సవరింపబడి, అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము రాష్ట్రములలో నమోదగు ప్రతి జననమును, ప్రతి మరణమును రిజిస్ట్రార్ జనరల్ నిర్వహించు జాతీయ దత్తాంశ నిధిలో చేరును. 2021లో ఒక్కొక్క రాష్ట్ర కార్యాలయమునుండి, ఒక్కొక్క నగరపాలక సంస్థనుండి పాత్రికేయులు విడివిడిగ సంపాదించిన సంఖ్యలు ఇకమీదట ఒకే చోట, దినదినము, జిల్లావారీగ సిద్ధముగ నుండును. నెలకొకమారు ప్రతి జిల్లాలో నమోదైన మరణముల మొత్తమును, పేర్లు లేకుండ, వయస్సు, స్త్రీపురుష భేదము మాత్రము చూపి ప్రకటించుటకు ఇప్పుడు సాంకేతికముగ అడ్డేమియు లేదు. ఆ ప్రకటన వెలువడువరకు దుర్గ్, శ్రీకాకుళము, విజయనగరము, ములుగు, బీజాపూరు జిల్లాల రిజిస్ట్రారులకు సమాచార హక్కు చట్టము క్రింద మాసమాసము దరఖాస్తు వ్రాయుట ఈ వృత్తిలోనివారి నిత్యకృత్యము కావలసియున్నది.